పాటలపెట్టెతో నెల్లాళ్ళు

పైకెక్కడానికి 18 రోజులు

పైకెళ్ళేవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసి ఉంచాలని డాక్టరు గారి ఆజ్ఞ. నిద్ర, తిండి, కీళ్ళ నొప్పులు, పిల్ల ఎలా ఉంది, ఇవీ. ఇక్కడి ఒత్తిడికి పెన్ను సిరా కక్కేస్తుంది కాబట్టి పెన్సిలుతో రాస్తున్నాను. నా పేరు అరిజిల్లి నూకరత్నం. సముద్రం అడుగున ఉన్న ఈ కిందూరులో నాచు తాళ్ళు శుభ్రం చేసే పని. ఐదేళ్ళ ఒప్పందం అయిపోయింది. నా కూతురు బంగారికి నాలుగేళ్ళు. ఇక్కడే పుట్టింది.

నిద్ర బాగానే పట్టింది. నొప్పులు లేవు.

ఈత సూటు అప్పగించడానికి స్టోరుకి వెళ్ళాను. పైడిరాజు మావ దాన్ని తిప్పి తిప్పి చూసి, మడతపెట్టి, "పైకి ఏటి అట్టుకెల్తావు? బొమ్మల పలకేనా?" అన్నాడు.

ఒత్తిడి మెల్లమెల్లగా తగ్గిస్తూ మనల్ని పైకి తెచ్చే ఎక్కే గదిలోకి బ్యాటరీ ఉన్న వస్తువు ఒక్కటే రానిస్తారు. నిప్పు భయం. ఏది తీసుకెళ్తే అది మన సొంతం, రెండోది స్టోరుకి తిరిగి ఇచ్చెయ్యాలి. మా ఇంట్లో ఉన్నది బొమ్మల పలక ఒక్కటే. బంగారికి అది అన్నంతో సమానం. ఆ మాటే చెప్పాను.

మావ సొరుగు లాగి అగ్గిపెట్టె అంత పాటలపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "ఎల్లేలోపు వాడి సూడు. కొత్తవి మన గాలికి పూటలో సచ్చిపోతన్నాయి. ఇది పాతకాలంది. మొండిది."

మా గాలిలో ఎక్కువ భాగం హీలియం. అది ఎంత సన్న సందులోనైనా దూరిపోతుంది. యంత్రాల్లో దూరితే యంత్రం ఆగుతుంది, గొంతులో దూరితే మనిషి బాతులా మాట్లాడతాడు. కొత్తగా దిగినవాళ్ళు వారం రోజులు ఒకరి మాటకి ఒకరు నవ్వుకుని, తర్వాత మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను.

నా ట్రంకుపెట్టెలో ఒక కార్డు ఉంది. నేను కిందికి దిగడానికి ముందు, పడవ మీద వల లాగుతూ పాడుతుంటే మా ఆయన సింహాద్రి పట్టిన పాట. పలకకి నోరు లేదు కాబట్టి ఐదేళ్ళుగా ఆ కార్డు అలాగే పడి ఉంది. ఇవాళ దాన్ని పాటలపెట్టెలో పెట్టి నొక్కాను.

నా గొంతు అంత బరువుగా ఉండేదని నాకు గుర్తు లేదు. మంచం మీద కూర్చుండిపోయాను. ఎవరో దాచిపెట్టి తిరిగి ఇచ్చినట్టు అనిపించింది.

బంగారి తలుపు దగ్గర నిలబడి వింది.

"ఎవులమ్మా ఆమె?"

"నానే."

"నువ్వు కాదు," అంది నిక్కచ్చిగా. "ఆమె పైమనిసి."

15 రోజులు

నిద్ర తక్కువ. నొప్పులు లేవు.

మూడు రోజులుగా గమనిస్తున్నాను. బంగారి లెక్కలో లోకంలో మనుషులు రెండు రకాలు. ఫోనులో మాట్లాడేవాళ్ళు పైమనుషులు, వాళ్ళది లావు గొంతు. నాన్న, డాక్టరు గారు, వార్తలు చదివే ఆయన ఆ రకం. ఇక్కడి నూట పదిమందీ కిందిమనుషులు. కొందరు పొట్టి, కొందరు పొడుగు అన్నంత మామూలుగా చెబుతుంది. తను కిందిమనిషి. నేను కూడా.

సింహాద్రికి ఫోనులో ఈ సంగతి చెప్పాను. చెవి గూబ పగిలి మూడేళ్ళ కింద పైకి వెళ్ళిపోయాడు. మళ్ళీ దిగడానికి లేదు. ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "మరి పైకొచ్చినాక నీ గొంతు మారిపోద్ది కదా. అప్పుడు నిన్ను ఎవులనుకుంటాది?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. నిజానికి నేను ఆ ఆలోచన చెయ్యలేదు. పైన ఎండ ఉంటుందనీ, ఇక్కడిలా చలికి స్వెట్టర్లు అక్కర్లేదనీ, అన్నానికి వాసన ఉంటుందనీ బంగారికి చెబుతూ వచ్చాను గానీ, అమ్మకి వేరే గొంతు ఉంటుందని చెప్పలేదు.

12 రోజులు

పాటలపెట్టె ఆగిపోయింది. పాట మధ్యలో నత్తిగా రెండు మాటలు అని ఊరుకుంది. మావకి చూపించాను. "హీలియం దూరీసింది. గాలి తీసీసిన సీసాలో రెండ్రోజులు పడీస్తే నీరసం తగ్గి లేస్తాది," అన్నాడు, జ్వరం వచ్చిన మనిషి గురించి చెబుతున్నట్టు.

ఇచ్చి వచ్చేస్తే ఒళ్ళు తేలికైంది. ఇంట్లో మళ్ళీ నేనూ, బంగారీ, పలకా. సాయంత్రం దాకా చేపల బొమ్మలు గీసింది. ప్రతి చేపకీ స్వెట్టరు వేసింది. నాకు నిర్ణయం అయిపోయినట్టే. పలకే తీసుకెళ్తాం. మావకి చెప్పేస్తాను.

10 రోజులు

చెప్పలేదు.

ఇవాళ భోజనశాలలో గంజి తాగుతూ బంగారి ఉన్నట్టుండి, "అమ్మా, పెట్టత్తకి జొరం తగ్గిందేటి?" అంది.

"పెట్టత్త ఎవులే?"

"పెట్టెలో అత్త. పాట పాడతాది కదా. మావ సీసాలో పెట్టాడు కదా."

పాటలపెట్టెని పట్టించుకోనట్టే తిరిగిన పిల్ల అన్ని రోజులూ వింటూనే ఉందన్నమాట. నేను నవ్వాను. నన్ను నాకే ఆడపడుచుని చేసింది.

6 రోజులు

పెట్టె తిరిగి వచ్చింది. బాగానే పాడుతోంది.

అన్నం తినాలన్నా పెట్టత్తే, తల దువ్వించుకోవాలన్నా పెట్టత్తే. నిన్న జడ వేస్తూ నేను ఆ పాటే అందుకున్నాను. బంగారి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దు. పెట్టత్త పాడాల."

నా గొంతు మీద నాకే అసూయ వచ్చింది. ఇది డాక్టరు గారికి ఎందుకు రాస్తున్నానో తెలియదు. రోజూ నాలుగు ముక్కలు రాయమన్నారు, రాస్తున్నాను.

సాయంత్రం డాక్టర్ హైమవతి గారు ఫోను చేశారు. స్టోరువాళ్ళు ఫొటో తీసి పంపితే ఇదంతా చదివారట. "రత్నం గారూ, ఇంతకు ముందు ఇద్దరు పిల్లలు పైకి వచ్చారు. ఇద్దరూ ఏడాది లోపు వాళ్ళు. మాటలు వచ్చిన పిల్ల రావడం ఇదే మొదలు. ఏమవుతుందో నేను పుస్తకం చూసి చెప్పలేను," అన్నారు.

"బెదిరిపోతాదేమోనండీ."

"బెదిరినా పరవాలేదు. మాట్లాడటం మానేస్తేనే కష్టం. ఎక్కేటప్పుడు కీళ్ళల్లో బుడగలు చేరితే నొప్పి వస్తుంది. ఎక్కడ, ఎలా నొప్పి వస్తోందో పిల్ల నోటితో చెబితేనే మాకు తెలిసేది. మిషన్ల కంటే ముందు ఆ మాటతోనే తెలుస్తుంది."

అంటే ఎక్కడానికి పట్టే పన్నెండు రోజులూ ఆ పిల్ల మాట్లాడుతూనే ఉండాలి.

1 రోజు

మావ రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. బల్ల మీద పలక, దాని పక్కన పాటలపెట్టె.

పలక తీసుకెళ్తే పన్నెండు రోజులూ బంగారి బొమ్మలు గీసుకుంటుంది, కథలు చూసుకుంటుంది. మంచాలు రెండు, కుళాయి ఒకటి, మరుగుదొడ్డి ఒకటి ఉన్న ఇనప గదిలో నాలుగేళ్ళ పిల్లకి అంతకంటే కావలసింది లేదు. పాటలపెట్టె తీసుకెళ్తే ఏముంది? ఒక పాట. స్టోరువాళ్ళు వేసి ఇచ్చిన ఇంకో పదకొండు పాటలు.

కానీ చివరి రోజుల్లో హీలియం తీసి మామూలు గాలి కలుపుతారు. అప్పుడు నేను మెల్లగా పెట్టత్తనవుతాను. ముక్కూ మొహం తెలియని దానిలా మారడం కంటే, పిల్లకి ఇష్టమైన మనిషిలా మారడం మేలు కదా అనుకున్నాను. పలక మావ వైపు జరిపాను.

బంగారి ఏడ్చిన ఏడుపుకి పక్క గదుల వాళ్ళు వచ్చారు.

మావ చిన్న తిప్పుడు చువ్వతో పెట్టె వెనక మర ఊడదీశాడు. "ఇది తియ్యకుండా ఎక్కితే లోపలి హీలియం ఉబ్బి, పెట్టె టప్పుమని పేలిపోద్ది. పైకెల్లినాక నీకిది ఒద్దనిపిస్తే రేవులో మనోలకి ఇచ్చీ. ఉంచుకుంటావో నేదో కాయితం మీద సంతకం అప్పుడే ఎట్టుదువు గాని." తర్వాత బంగారి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆయన ఎక్కేది ఇంకో మూడేళ్ళకి.

గదిలో 1వ రోజు

తలుపు బిగించారు. నిద్ర లేదు. నొప్పులు లేవు. బంగారి నాతో మాట్లాడటం లేదు, కానీ అది పలక గురించి.

4వ రోజు

నేను పెద్ద తప్పే చేశాను. పలక ఉండాల్సింది.

బంగారి గోడ బోల్టులు లెక్కపెట్టడం అయింది. అరవై నాలుగు. పైమంచం మీంచి కిందిమంచానికి దూకడం అయింది. నా జుట్టు విప్పి జడలు వెయ్యడం అయింది. పెట్టత్త పాట విసుగొచ్చింది. రోజుకి ఆరేడు మీటర్లు ఎక్కుతున్నాం. ఆ సంగతి మీటరు ముల్లుకి తప్ప మాకు తెలియదు.

ఒక్కటే వినోదం దొరికింది. పెట్టెకి పక్కన ఎర్ర మీట ఉంది, అది నొక్కితే మన మాట పడుతుంది. బంగారి దాన్ని మొన్న తనంతట తనే కనిపెట్టింది. పొద్దున్న లేవగానే ఎర్ర మీట నొక్కి, "పెట్టత్తా, నాను బంగారిని. ఇయాల గంజిలో ఉప్పు నేదు," లాంటి సమాచారాలు చెబుతోంది. చెప్పి, బదులు కోసం ఆగుతోంది. బదులు రాకపోతే, "పనిలో ఉంది," అంటోంది.

7వ రోజు

ఇవాళ తెల్లారకముందే గాలి కలపడం మొదలుపెట్టారు. పైన చిన్న ఈల శబ్దం. మధ్యాహ్నానికి నా మాట నాకే అడుగున ఏదో బరువు కట్టినట్టు వినిపించింది. బంగారి నన్ను వింతగా చూసింది. ఏమీ అనలేదు. పొద్దున్న పెట్టత్తకి సమాచారం మాత్రం చెప్పింది.

8వ రోజు

పొద్దున్నే మామూలుగా ఎర్ర మీట నొక్కి, "పెట్టత్తా, నాను," అంది. అని ఆగింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మళ్ళీ "నాను" అంది. పెట్టె మంచం మీద పడేసి నా దగ్గరకి వచ్చి, "అమ్మా, నీల్లు," అని, ఆ రెండో మాట దగ్గరే నోరు మూసుకుంది.

మళ్ళీ తెరవలేదు. అన్నానికి తెరిచింది, మాటకి తెరవలేదు.

నేను మాట్లాడబోతే చెవులు మూసుకుంటోంది. నాదీ లావు గొంతైపోయింది కదా. ఉన్న ఒక్క కిందిమనిషి, తనకి తెలిసిన అమ్మ, కళ్ళముందే వెళ్ళిపోతోంది. తను కూడా వెళ్ళిపోతోంది. నాలుగేళ్ళ పిల్లకి ఇది ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

9వ రోజు

పొద్దున్న లేచేసరికి బంగారి ఎడమ మోకాలు పట్టుకుని కూర్చుంది.

గోడ ఫోనులో చెప్పాను. క్షణంలో హైమవతి గారు లైనులోకి వచ్చారు. "నొప్పి లోపలా, పైనా? వంచితే ఎక్కువవుతోందా? అడగండి."

అడిగాను. చెవులు మూసుకుంది. చేతులతో చూపించమన్నాను. మొహం గోడకి తిప్పేసింది. మోకాలు ముట్టుకోబోతే కాలు లాక్కుంది.

"ఎక్కడం ఆపేస్తున్నాం," అన్నారు డాక్టరు గారు. "గంట చూస్తాను. అది బుడగల నొప్పే అయితే మళ్ళీ కిందికి దించాలి. దించితే ఇంకో వారం ఎక్కువ పడుతుంది. పిల్ల ఒంటికి అది కూడా మంచిది కాదు. ఏదో ఒకటి తెలియాలి, రత్నం గారూ."

ఈల ఆగిపోయింది. ముల్లు ఆగిపోయింది. సింహాద్రిని కూడా ఫోనులోకి పిలిచారు. "బంగారీ, నాన్ననమ్మా, ఏటయ్యిందమ్మా," అంటున్నాడు. బంగారి దుప్పటి తల మీదికి లాక్కుంది.

పనేదీ తోచక, మంచం మీంచి జారి కింద పడి ఉన్న పెట్టె తీసి మంచం మీద పెట్టబోయాను. వేలు తగిలి అది మోగింది. "పెట్టత్తా, నాను బంగారిని. బోల్టులు అరవై నాలుగు." మూడో రోజు మాట. సన్నగా, పిట్ట కూతలా. మా కిందూరి బంగారి.

దుప్పటి కదిలింది.

ఆపబోయినదాన్ని ఆపలేదు. తర్వాతది మోగనిచ్చాను. నాలుగో రోజు, గంజిలో ఉప్పు. ఐదు, ఆరు. ఏడోది రవ్వంత లావు. ఎనిమిదోది, "పెట్టత్తా, నాను... నాను," ఇంకొంచెం లావు. దుప్పట్లోంచి ఒక కన్ను బయటికి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి వేశాను. రెండోసారికి రెండు కళ్ళూ వచ్చాయి. మూడోసారి పెట్టె తనే లాక్కుని, చెవికి ఆనించుకుని, ఒక్కొక్కటీ వింది.

నేను ఏమీ చెప్పలేదు. ఎర్ర మీట నొక్కి, పాటలో మొదటి చరణం, నాకు వచ్చిన ఇప్పటి గొంతుతో పాడాను. నా గొంతు అటు బాతూ కాదు, ఇటు మనిషీ కాదు. బంగారి అది విని, కార్డులోని పాట విని, మళ్ళీ నాది వింది. నుదురు ముడిపడింది. పెట్టె నోటి దగ్గర పెట్టుకుంది. నాకు కాదు, డాక్టరు గారికి కాదు, ఆ పెట్టెకి చెప్పింది.

"పెట్టత్తా, నాను బంగారిని. అమ్మ నీలాగైపోతంది. నానూ అయిపోతన్నాను." పెట్టె పెదాలకి ఆనించుకుని గొంతు తగ్గించింది. "రేతిరి మంచం దిగినప్పుడు మోకాలు బోల్టుకి గుద్దుకుంది. అమ్మ తంతాది."

ఫోనులో డాక్టరు గారు, "మోకాలు చూడండి," అన్నారు. ఈసారి చూడనిచ్చింది. చిప్ప పక్కన రూపాయి బిళ్ళంత నీలం మచ్చ, మధ్యలో బోల్టు అంచు గీత. కాలు వంచింది, చాపింది, గాలిలో తన్నింది. అరగంట ఆగి మళ్ళీ వంచమన్నారు. వంచింది.

"కమిలింది, అంతే," అన్నారు హైమవతి గారు. "ఎక్కుదాం."

పైన ఈల మళ్ళీ మొదలైంది. సింహాద్రి ఫోను పట్టుకునే ఏడుస్తున్నాడు. నేను నేల మీద కూర్చుని ఆ ఈల వింటూ ఉండిపోయాను. ఈ గదిలో అంత మంచి శబ్దం ఇంకొకటి వినలేదు.

10వ రోజు

నిద్ర, ఇద్దరికీ, తొమ్మిది గంటలు. నొప్పులు లేవు, ఒక్క మచ్చ తప్ప.

నోరు మూత పడటం లేదు. ఆగిన రెండు రోజుల మాటలూ ఇవాళే ఖర్చుపెడుతోంది. మధ్యలో ఒకసారి నన్ను తేరిపార చూసి, "నువ్వు మొత్తం పెట్టత్తవైపోతే అమ్మ ఎటెల్లిపోద్ది?" అంది.

దీనికి జవాబు ఆలోచిస్తూ గిన్నె చూశాను. సగం అన్నం మంచం కిందికి తోసేసింది. "మెతుకులన్నీ అలా పారబోస్తే తీసేదెవులే? నీ మావొస్తాడా? ఏరు, ఒక్కోటి ఏరు," అని గట్టిగానే కసిరాను.

బంగారి మొహం విప్పారింది. "ఉంది, ఉంది," అనుకుంటూ మెతుకులు ఏరింది.

12వ రోజు

తలుపు తీశారు.

ముందు వేడి తగిలింది, తర్వాత ఉప్పు గాలి, డీజిలు, ఎండుచేపల వాసన. ఐదేళ్ళుగా ముక్కు పని చెయ్యనట్టే ఉంది, ఒక్కసారిగా అన్నీ. స్వెట్టర్లు అక్కడే విప్పేశాం. హైమవతి గారు ఫోనులో గొంతు విని నేను అనుకున్నంత పెద్దావిడ కాదు. బంగారి కీళ్ళన్నీ వంచి చూసి, చెవుల్లో చూసి, "వెళ్ళండి, బాగుంది," అన్నారు. ఆవిడ కూడా రెండు రోజులుగా నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది.

సింహాద్రి గొలుసు అవతల నిలబడి ఉన్నాడు. బంగారి నా చీర చాటుకి వెళ్ళింది. ఆ మనిషిని చూడటం తనకి గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. "బంగారీ," అన్నాడు. ఆ గొంతు తెలుసు కనుక తల బయటపెట్టింది.

"నాన్నా, నువ్వు ఇంత పొట్టోడివా?"

సింహాద్రి నవ్వబోయి ఆగిపోయాడు. మూడేళ్ళు ఫోనులో ఆయన విన్నది పిట్ట గొంతు. ఇది మామూలు ఆడపిల్ల గొంతు, కొంచెం బొంగురు కూడా. కిందికి కూర్చుని ఇంకోసారి మాట్లాడమన్నాడు. మాట్లాడింది. "బాగుంది, సేనా బాగుంది," అన్నాడు. అన్నాక నా వైపు తిరిగి, మెల్లగా, "ఆ పిట్ట గొంతు ఇంక వినబడదు కదే," అన్నాడు.

రేవు గుమాస్తా కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పాటలపెట్టె తిరిగి ఇస్తున్నారా, ఉంచుకుంటున్నారా అని. పైన ఇలాంటివి ఎక్కడైనా దొరుకుతాయట, ఇంతకంటే మంచివే, నూరు రెట్లు పాటలు పట్టేవి. చాలామంది ఇచ్చేస్తారట. ఒకటో రోజు నుంచీ దీన్ని ఇచ్చేద్దామని నేను ఎన్నిసార్లు అనుకున్నానో ఈ కాగితాల్లోనే ఉంది. నా గొంతు నాకు వచ్చేసింది. ఇక ఆ పాట నేనే పాడుకోగలను. కానీ అందులో ఆ పిల్ల గొంతు ఉంది. ఇంకెక్కడా లేదు, కిందూరులో కూడా. ఉంచుకుంటున్నానని సంతకం పెట్టాను. ఆ చేత్తోనే పెట్టె సింహాద్రి జేబులో వేశాను. ఇంటికెళ్ళి విను అన్నాను.

రేవు చివరిదాకా నడిచాం. బంగారి ఆకాశం వైపు చూడటం లేదు, అది మరీ పెద్దదైపోయింది. నీళ్ళ వైపే చూస్తోంది. దూరంగా ఒక పడవ.

"ఇక్కడ అరిస్తే అంత దూరం వినబడుద్దా?" అంది.

"అరిసి సూడు," అన్నాడు సింహాద్రి.

రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచింది. "అమ్మా!"

పడవలో మనిషి తల తిప్పి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. అయినా అంత గట్టిగానూ పలికాను.